హద్దు మీద నిలబడి చెప్పే మాట

అక్షరాలు నాకు నలభై ఆరేళ్లకు వచ్చాయి. అప్పుడు నేను ఆడపిల్లల హాస్టల్లో వంటామెను. బియ్యం ఏరుతూ కూర్చుంటే నాలుగో తరగతి పిల్ల ఒకతి పక్కన చేరి, పళ్లెంలో బియ్యం పలచగా పరిచి, దాని మీద వేలితో "అ" రాయించింది. తప్పు రాస్తే పళ్లెం ఒక్క ఊపు ఊపేది. రాసింది పోయేది. మళ్లీ రాయమనేది. అట్లా ఒక వానాకాలం, ఒక చలికాలం గడిచాయి. ఇప్పటికీ చదివేటప్పుడు వేలు వరస మీద పెట్టుకునే చదువుతాను. ఒక పేజీకి అర్ధగంట పడుతుంది. చూసేవాళ్లకు విసుగు, నాకు కాదు.

పోయిన కార్తీకంలో మా ఊరి బడి సోషల్ టీచరు మా ఇంటికి వచ్చింది. పినపాక దాటి అడవిలోకి ఇంకొంత దూరం వస్తే మా ఊరు. ఆమెది ఖమ్మం పట్టణం, తరాలుగా బట్టల దుకాణం నడిపే ముస్లిం కుటుంబం. ఉద్యోగం కోసం ఇక్కడ ఒక గది కిరాయికి తీసుకుని ఒంటరిగా ఉంటోంది. తొమ్మిదో తరగతికి ఏఐ గురించి నన్ను పాఠం చెప్పమంది.

"నాకు ఫోన్ల పచ్చగుండీ, ఎర్రగుండీ తప్ప తెల్వదు బిడ్డా. నేనేం జెప్త?"

"పిల్లలు ఏం రాయమన్నా దాన్నే అడిగి తెస్తున్నరమ్మా. నేను తప్పంటే, 'మేడం, ఏఐ చెప్పింది' అంటున్నరు. నా మాట కింద పడ్డది, దాని మాట పైకెళ్లింది."

"చదువుకున్న నీ మాటే ఇననోళ్లు నా మాట ఇంటరా?"

"హాస్టల్లో మీరు గరిటెతో కొట్టేటోళ్లంట గదా. ఆ భయానికన్నా ఇంటరు."

"చూపించిన. కొట్టలే."

అది ఏం చేస్తుందో ఆమె నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. లోకంలో ఉన్న కాగితాలన్నీ చదివిందట. ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో లెక్కగట్టి వరసగా అల్లుకుంటూ పోతుందట. "మరి చూసి చెప్పదా?" అని అడిగాను. "చూడదమ్మా. కానీ చూసినట్టే చెప్తది. చాలాసార్లు నిజమే అయితది, అదే కష్టం" అంది. ఆ చివరి మాట నచ్చి వస్తానన్నాను.

ఆ పాఠం పాడైంది. మోకాళ్ల నొప్పులతో బడి మెట్లెక్కి, పిల్లల ముందు నిలబడి, "అది చెప్పింది నమ్మకుర్రి" అన్నాను. అంతే, ఇంకేం చెప్పాలో తోచలేదు. ముప్ఫై ఐదు నిమిషాల పీరియడుకు ఒక్క మాట సరిపోదు. టీచరు నా ఇబ్బంది చూసి, గోడకున్న పెద్ద టీవీలో మా ఊరి గురించి చెప్పమని దాన్ని అడిగింది. తడుముకోకుండా పన్నెండు వరసలు రాసింది. మా ఊళ్లో పాత కోట ఉందట. దాని బురుజు మీద ప్రతి ఏడూ దీపాలు పెడతారట. పిల్లలు బల్లలు కొట్టి నవ్వారు. నేనూ నవ్వాను, పని అయిపోయిందనుకున్నాను.

మూడో బల్ల మీద కూర్చున్న పిల్ల మాత్రం నవ్వలేదు.

"ఏమో అవ్వా. ఉండెనేమో. నువ్వు పుట్టకముందు."

నేను చూడనంత మాత్రాన లేదని ఎట్లా అంటాను? గంట కొట్టారు. ఇంటికొచ్చి మంచం మీద వాలి, ఇది నా వల్ల అయ్యే పని కాదని టీచరుకు కబురు పెట్టాను.

ఆ పిల్ల నాకు పరాయిది కాదు. దాని తాత నాకు వరసకు అన్న. ఆయనకు ఊరి పడమట మూడెకరాల పోడు ఉంది, అడవి కొట్టి చేసుకున్న చేను. నలభై ఏళ్లకు పైగా దున్నుతున్నా దానికి కాగితం లేదు. కాగితం లేకపోతే ఏ రోజైనా ఫారెస్టు వాళ్లు వచ్చి కందకం తవ్వి, మొక్కలు నాటి, ఇది అడవి అనొచ్చు. పక్క ఊళ్లో అట్లాగే చేశారు. ఈసారి మళ్లీ అర్జీలు తీసుకుంటున్నారని తెలిసి ఆయనకు ప్రాణం లేచొచ్చింది. అర్జీతో పాటు, ఆ భూమి ఆయన ఎప్పటి నుంచి చేస్తున్నాడో ఊరి పెద్దలు ముగ్గురు చెప్పిన మాట, సంతకంతో, అటవీ హక్కుల కమిటీకి ఇవ్వాలి. సోమవారం ఆఖరు. ఇంట్లో చదువు వచ్చింది మనవరాలొక్కతికే గనుక ఆ పని దాని మీద పడింది. అంతకు ముందు వారమే వచ్చి నన్ను మూడు మాటలు అడిగి రాసుకుని పోయింది.

పాఠం పాడైన నాలుగో రోజు పొద్దున, అచ్చు తీసిన కాగితం పట్టుకుని వచ్చింది. "సంతకం పెట్టు అవ్వా, జల్దీ. బస్సుకు పోవాలె."

"ఆగు, చదవనీ."

"అంత చదువుతవా?" అని అరుగు మీద కూలబడింది.

వేలు పెట్టి చదివాను. చదువుతుంటే, చెప్పొద్దూ, ఒళ్లు పులకరించింది. నా పేరు మీద ఎవరో గొప్ప మనిషి మాట్లాడుతున్నట్టుంది. నా బాల్యం నుంచీ ఆ భూమిలో పచ్చని పైరు కళ్లారా చూశానట. తూర్పు హద్దున ఆకాశాన్ని తాకే మద్దిచెట్టు ఉండేదట, దాని నీడన మేమంతా అంబలి తాగేవాళ్లమట. నేనూ నా భర్తా ఆ చేని అంచున పశువులు మేపుకునేవాళ్లమట. ఆ భూమి మా సమాజానికి జీవనాడి అట.

"ఇదంతా నేను చెప్పిన్నా?"

"మెయిన్ పాయింట్లు నువ్వు చెప్పినవే. మిగతాది ఏఐ నింపింది."

"ఏడికెళ్లి తెచ్చి నింపింది? మా ఆయన పశువులు మేపిండా? బొగ్గులారీ మీద క్లీనర్ చేసినోడు. ఎద్దు ఎదురొస్తే రోడ్డు దిగి నడిచేటోడు."

పిల్ల పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "అవ్వా, పశువుల మాట కొట్టేస్త. పెట్టు. ఆ ఇద్దరు తాతలు పెట్టిన్రు."

వాళ్ల కాగితాలూ చూపించమన్నాను. ముగ్గురివీ ఒకే అచ్చు. ముగ్గురమూ అదే మద్దిచెట్టు కింద అదే అంబలి తాగాం. కమిటీ వాళ్లు మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏమనుకుంటారు? ఆ మాటే అన్నాను.

"అన్ని మంచి మాటలే గదా అవ్వా, అబద్ధమేముంది? తాత దున్నింది నిజమే గదా."

"నిజమే. ఆ నిజాన్ని ఈ మద్దిచెట్టుకు కట్టేసినవ్. చెట్టు లేదని తేలితే నిజం గూడ పోతది."

సంతకం పెట్టలేదు. పిల్ల కాగితం లాక్కుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే తాత వచ్చాడు. గడప దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

"ఏం చెల్లే, పెట్టనన్నవంట."

"పెట్ట."

"నాలుగక్షరాలు రాంగనే నీ కంటికి మనుషులు ఆనుతలేరు."

"అన్నా, మద్దిచెట్టు ఏడుంది?"

"ఉండె. తూరుపున. పెద్దది. నరికిన్రు."

"ఎవలు నరికిన్రు?"

"ఎవలో."

ఆయన మొహంలోకి చూశాను. ఈ ఊరికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఎరిగిన మొహం. అబద్ధమాడితే ఎడమ చెవి గోక్కుంటాడు. గోక్కోలేదు. ముందు రాత్రి ఆ కాగితం మూడుసార్లు చదివించుకున్నాడని మనవరాలు తర్వాత చెప్పింది. మొదటిసారి, "మద్దిచెట్టు ఏందే?" అని అడిగాడట. రెండోసారి ఊరుకున్నాడట. మూడోసారి ఏడ్చాడట.

"నా బతుకు గురించి అంత మంచిగ ఎవలు రాసిన్రు చెల్లే ఇప్పటిదాంక? గంత మంచిగ రాసినంక, తప్పున్నదంటే మర్యాదనా?"

చేను మాట అటుంచి, ఆయనకు చెట్టు మొలిచింది. దాన్ని ఎట్లా పీకాలి?

నీరసంగానే టీచరు దగ్గరికి పోయాను. తరగతిలో నేను చెప్పలేకపోయింది ఏందో అప్పటికి నాకు తెలిసింది. మా ఊళ్లో హద్దు తగాదా వస్తే నీడన కూర్చుని చెప్పిన సాక్ష్యం చెల్లదు. చెప్పేవాడు లేచి, తను చెప్పే చోటికి నడిచిపోయి, అక్కడ నిలబడి చెప్పాలి. రాయి గురించి చెబితే రాయి దగ్గర, గట్టు గురించి చెబితే గట్టు మీద. పొద్దంతా పడుతుంది. కాళ్లు పీకుతాయి. కానీ ఊళ్లో నిలబడి పది మాటలు చెప్పినవాడికి అక్కడికి పోయేసరికి నాలుగే మిగులుతాయి.

"ఆ కాగితాన్ని చేనుకు తోలుకపోదాం. వరసకొక పిల్ల. ఎవల వరస వాళ్లు పట్టుకుని, దాని చోట్ల నిలబడాలె" అన్నాను.

టీచరు ఆ పిల్లను పక్కకు పిలిచి అడిగింది. తన ఇంటి సంగతి పదిమంది ముందు పెట్టడం దానికి ఇష్టం లేదు. చున్నీ అంచు మెలిపెడుతూ, "చెట్టు నిజంగనే ఉంటే అవ్వ సంతకం పెట్టాలె, మరి" అంది. పెడతానన్నాను.

శనివారం పొద్దున పద్దెనిమిది మంది పిల్లలు, టీచరు, నేను పోయాం. పత్తి ఏరే రోజులు. తాత తువాలు తలకు చుట్టుకుని గట్టు మీద నిలబడి, మేమేదో దొంగతనానికి వచ్చినట్టు చూశాడు. కాగితంలో వాక్యాలు కూడా పద్దెనిమిదే. తలా ఒకటి రాసిచ్చింది టీచరు.

కొందరికి చోటు తొందరగానే దొరికింది. ఉత్తరాన రాళ్లకుప్ప ఉందన్న పిల్ల పోయి దాని మీదెక్కి చేతులూపింది. జీవనాడి వచ్చిన పిల్ల మాత్రం చేను చుట్టూ ఒక తిరుగుడు తిరిగి వచ్చింది.

"అవ్వా, నేనేడ నిలబడాలె?"

"నీకు చోటు లేదు. గట్టు మీద కూసో."

"పచ్చని పైరు కళ్లారా చూసింది నాకొచ్చింది. నేను?"

"ఇప్పుడు చూస్తన్నవ్ గదా. నేను చిన్నప్పుడు చూసిన్నా? నేనీ ఊరికి కోడలుగ వచ్చినదాన్ని. నువ్వు గూడ కూసో."

గట్టు నిండిపోయింది. కూర్చున్నవాళ్లు నిలబడినవాళ్లను వెక్కిరించడం మొదలుపెట్టారు. మద్దిచెట్టు వాక్యం తాత మనవరాలే అడిగి తీసుకుంది. తూర్పు హద్దు వెంట ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది. మొద్దు లేదు. వేరు లేదు. మద్ది నరికితే మొద్దు చుట్టూ పిలకలు లేస్తాయి, అవీ లేవు.

"తాతా, ఏడ?"

తాత చెయ్యెత్తి చూపించాడు. పిల్ల పోయి అక్కడ నిలబడింది. "అక్కడ గాదు, ఇంకింత ఇవతల" అన్నాడు. ఇవతలికి వచ్చింది. "ఇంకింత." మళ్లీ జరిగింది. అప్పుడు చెయ్యి దింపేశాడు.

"నాకు కనపడుతుంది గదనే" అన్నాడు. కోపంగా కాదు, అడుగుతున్నట్టు.

గట్టు మీద వెక్కిరింతలు ఆగిపోయాయి. టీచరు ఏదో చెప్పబోయి మానేసింది. ఆమె మంచి టీచరు. పద్దెనిమిదిలో నిలబడ్డవి అయిదు. పిల్ల ఆ మద్దిచెట్టు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంది.

తర్వాత నా వంతు. నేనూ నడిచాను. కొత్త కోడలిగా వచ్చిన ఏడు ఆయన నాగలి కట్టి దున్నుతుంటే ఎక్కడ నుంచి చూశానో అక్కడ నిలబడి చెప్పాను. పడమటి వైపు వాగు గట్టున నిలబడి, "ఈ వాగు దాంక ఆయనదే" అన్నాను. పిల్ల రాసుకుంది. ఇంటికి పోయి నా మాట నా చేత్తోనే రాశాను. పదహారు వరసలకు రెండు గంటలు పట్టింది. గొప్పగా లేదు. సంతకం పెట్టి, అమ్మయ్య అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం, తిని నడుం వాల్చానో లేదో, పిల్ల మళ్లీ వచ్చింది.

"అవ్వా, వాగు దాంక అన్నవ్ గదా. అది చూసి చెప్పినవా?"

"నీ ముందల నిలబడి చెప్తిని గదనే."

"ఇప్పుడు వాగు ఆడుంది. అప్పుడు ఆడనే ఉండెనా?"

వాగుకు అవతల పక్క చేను మొగుడు పోయిన ఒక ఆడమనిషిది. పిల్ల ఆమెను పోయి అడిగిందట. పెద్ద వరద వచ్చిన ఏడు వాగు తమ చేను కోసుకుని పడమటికి జరిగిందనీ, పాత వాగుకూ కొత్త వాగుకూ మధ్య పట్టె తనదేననీ, ఆ వరదకే ఎడ్లు పోయి ఆ పట్టె దున్నలేక వదిలేస్తే తాత పత్తి వేసుకుంటున్నాడనీ ఆమె చెప్పిందట.

నాకు ఒళ్లు మండింది. "నన్నే అడుగుతవా? నీ తాత భూమికేనే నేను సాక్ష్యం చెప్పింది."

"నువ్వే గదా అడగమన్నది. ఫోన్‌నే అడగమన్నవా? నిన్ను అడగొద్దా?"

"ఆమెకు లాభమున్నది, అందుకే అట్ల జెప్తది."

"అవ్. నేను గూడ గట్లనే అనుకున్న. అందుకే గడ్డపార తెచ్చిన."

నిజంగానే తెచ్చింది. గోడకు ఆనించి పెట్టింది. ఆ ఎండలో మళ్లీ పోయాం. పాత వాగు పారిందన్న చోట తవ్వించాను. మూరెడు నల్లమట్టి. దాని కింద ఇసుక. ఇసుకలో గుండ్రటి రాళ్లు, ఒక నత్తగుల్ల. పదడుగుల దూరంలో ఇంకోచోట తవ్వితే మళ్లీ అదే ఇసుక. ఇవతలికి వచ్చి తవ్వితే ఎంత లోతుకు పోయినా నల్లమట్టే.

నేను ఆ గట్టున నిలబడే చెప్పాను. నా కాళ్లు అక్కడే ఉన్నాయి. మాట తప్పే. ఇన్నేళ్లు వాగును చూసి చూసి, అది ఎప్పుడూ అక్కడే ఉందనుకున్నాను. అన్నకు మద్దిచెట్టు ఎట్లా మొలిచిందో నాకు వాగు అట్లా జరిగింది. నాకు ఏ ఫోనూ చెప్పనక్కర లేకపోయింది.

పిల్ల గడ్డపార మీద చేతులు పెట్టి నిలబడి ఆ ఇసుకకూ ఇప్పటి వాగుకూ మధ్య పట్టె వెంట చూస్తోంది. ఆరు సాళ్ల పత్తి. ఈ పొడుగునా. అది ఏరితేనే రేపు పై చదువు హాస్టలుకు దానికి పెట్టె, చెప్పులు. దానికి తెలుసు.

"గీ సంగతి మనిద్దరికే తెలుసు" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ సిగ్గే. అలసిపోయి అన్నాననుకుంటాను.

అది నావైపు చూడలేదు. "ఆమెకు గూడ తెలుసు అవ్వా" అంది.

వాగు వరస కొట్టేసి, పైన "పాత వాగు ఇసుక దాక" అని రాసి, పక్కన సంతకం పెట్టాను. ఆ సాయంత్రం అది ఆ ఇద్దరు పెద్దమనుషుల ఇళ్లకూ పోయి, వాళ్ల పాత కాగితాలు చింపి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకొచ్చింది. ఒకాయన మాట మొత్తం రెండే వరసలు. ఆ చేనికి విత్తనాలు మోసుకుపోయానని, కూలికి జొన్నలు ఇచ్చాడని. అంతే.

సోమవారం కమిటీ దగ్గర కాగితాలు తీసుకునే అతను వాటిని అటూ ఇటూ తిప్పాడు.

"ఇదేంది, గింత చిన్నగున్నయి? అందరివి రెండు రెండు పేజీలున్నయి. టైపు గూడ చేసిన్రు. కొట్టివేతలు గూడ పెట్టుకొచ్చిన్రు."

"మాకు తెలిసింది గంతే సార్" అంది పిల్ల.

రసీదు ఇచ్చాడు. మిగతావాళ్ల రెండు పేజీలు బలంగా ఉంటాయో, మా కొద్ది వరసలు నిలబడతాయో నాకు తెలియదు. ఇంకా ఏ కబురూ రాలేదు. తనిఖీకి వస్తారంటున్నారు, ఎప్పుడో చెప్పడం లేదు.

టీచరు మళ్లీ పిలిచింది, పదో తరగతికి కూడా చెప్పమని. పోయాను. ఈసారి నమ్మొద్దని చెప్పలేదు. నేను వాగు గురించి తప్పు చెప్పిన సంగతి చెప్పాను. సగం మంది విన్నారు. మిగతా సగం బల్లకింద ఫోను చూసుకుంటున్నారు. వెనక బల్ల నుంచి ఎవరో, "అవ్వా, నీ పాఠం మీద రాయమంటే ఏఐనే రాసిస్తది" అన్నారు. అందరూ నవ్వారు. రాసిస్తుంది కూడా. నేను ఇంతకంటే ఏం చేయగలను? తొమ్మిదో తరగతి ముప్ఫై మందిలో ఒకతి గడ్డపార తెచ్చింది. ఆ ఒక్కదానికే నా మోకాళ్లు అరిగాయి.

పాత వాగు సంగతి తాతకు పిల్లే చెప్పింది. నా ఇంటిదాకా వినపడేటట్టు అరిచాడు. నా కూడు తిని నా చేను కోస్తవా అన్నాడు. నన్ను కూడా కలిపి తిట్టాడు, అది న్యాయమే. రెండు రోజులు మనవరాలితో మాట్లాడలేదు. అది పక్క చేను ఆమె ఇంట్లో అన్నం తిని బడికి పోయింది.

మూడో రోజు పొద్దున కట్టెలకని అటు పోతే, ఆయన ఆ ఇసుక పట్టె అంచున వంగి ఉన్నాడు. పక్కన రాళ్లకుప్ప. ఒక్కొక్క రాయి మోసుకొచ్చి, గుంట తీసి, హద్దుగా పాతుతున్నాడు. అప్పటికి నాలుగు పాతాడు. ఆ ఆరు సాళ్లలో పత్తి ఏరకుండా అట్లాగే తెల్లగా ఉంది. పక్క చేను ఆమె వచ్చి ఏరుకోవాలని కాబోలు.

నన్ను చూసి నడుం నిలబెట్టాడు.

"చూసుడేంది? రాయి వట్టు."

"నడుం నొస్తుందన్నా."

"నాది నొస్తలేదా?"

కట్టెల తాడు కింద పడేసి రాయికి ఒక పక్క పట్టుకున్నాను. బరువుగా ఉంది. ఇద్దరం కలిసి ఎత్తలేక దొర్లించుకుంటూ పోయాం.